కొండసీమ ప్రతినిధి: కార్ల్ ఎలియట్ రాజకీయ జీవితం గురించి ఒక మిత్రుడి జ్ఞాపకాలు

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, నన్ను పిలిచిన నిర్వాహకులకు, సాయంత్రం పూట పనులు మానుకుని వచ్చిన పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

ఈ రోజు నేను మాట్లాడబోయే మనిషిని నేను స్వయంగా చూడలేదు. నేను అమెరికాలోని అలబామా రాష్ట్రానికి ఉద్యోగం కోసం వెళ్ళేనాటికి ఆయన చనిపోయి రెండేళ్ళయింది. అయితే ఆయనను ఎరిగిన ఒక మిత్రుడితో కలిసి నేను పన్నెండేళ్ళు ఒకే గ్రంథాలయంలో పనిచేశాను. ఆ మిత్రుడు బడిపంతులుగా పదవీ విరమణ చేసి, ఇంట్లో ఖాళీగా కూర్చోలేక వారానికి మూడు రోజులు మా గ్రంథాలయానికి వచ్చి పాత స్థానిక పత్రికలను సర్దేవాడు. ఇప్పుడు ఆయన కూడా లేడు. కుటుంబ సభ్యుల కోరిక మేరకు పేరు చెప్పడం లేదు. మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన నాకు చెప్పిన మాటలను, ఆ తర్వాత నేను చదివి సరిచూసుకున్న సంగతులను కలిపి మీ ముందు పెడతాను. ఆ మాటలన్నీ ఒకే వ్యక్తి చుట్టూ తిరిగేవి. ఆయన 1949 నుంచి 1965 వరకు పదహారేళ్ళపాటు అమెరికా ప్రతినిధుల సభలో అలబామా సభ్యుడిగా ఉన్న కార్ల్ ఎలియట్.

ముందు ఆ ప్రాంతం గురించి చెప్పాలి, ఎందుకంటే అది తెలియకపోతే ఆ మనిషి అర్థం కాడు. అమెరికా దక్షిణాది అనగానే మనకు విశాలమైన పత్తి తోటలు, వాటి యజమానుల పెద్ద పెద్ద భవంతులు, ఆ తోటల్లో వెట్టిచాకిరీ చేసిన నల్లజాతి ప్రజలు గుర్తుకొస్తారు. అలబామా వాయవ్య భాగం అలాంటిది కాదు. అది కొండలు, సన్నని మట్టి, బొగ్గు గనులు ఉన్న పేద సీమ. అక్కడి తెల్లవారిలో చాలామంది కౌలు రైతులు, గని కూలీలు. అంతర్యుద్ధ కాలంలో ఆ కొండసీమలోని విన్‌స్టన్ కౌంటీ ప్రజలు రాష్ట్రం దేశం నుంచి విడిపోవడాన్నే వ్యతిరేకించారు. 1901లో అలబామా పెద్దలు రాసుకున్న రాజ్యాంగం నల్లవారి ఓటును తుడిచిపెట్టింది. ఈ పేద తెల్లవారి ఓటును కూడా చాలావరకు గొంతు నులిమింది. ఓటు వేయాలంటే ఏడాదికి డాలరున్నర పన్ను కట్టాలి. కట్టని ఏళ్ళది బాకీగా పేరుకుపోతుంది, అలా పేరుకుని 36 డాలర్ల దాకా పెరుగుతుంది. ఏడాది పొడవునా కష్టపడి చివరికి కొట్లో అప్పు తీర్చలేని కౌలు రైతు ఓటు కోసం అంత డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు? మా మిత్రుడి తాత జీవితంలో ఒక్కసారి కూడా ఓటు వేయలేదట. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆయన గొంతు తగ్గేది. 1953లో ఆ బాకీని రెండేళ్ళకు మించకుండా కుదించేదాకా అదే పరిస్థితి.

కార్ల్ ఎలియట్ ఆ సీమలోనే, ఫ్రాంక్లిన్ కౌంటీలోని వైనా అనే చిన్న ఊరి దగ్గర, 1913 డిసెంబరు 20న పుట్టాడు. తండ్రి కౌలు రైతు. తొమ్మిదిమంది పిల్లల్లో ఈయనే పెద్దవాడు. పదహారేళ్ళకు బడి చదువు ముగించి, 1930లో, దేశమంతా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోతున్న వేళ, టస్కలూసాలోని అలబామా విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అప్పుడు జేబులో ఉన్నది 2 డాలర్ల 38 సెంట్లు. ఈ అంకెను మా మిత్రుడు ఎప్పుడు చెప్పినా సెంట్లతో సహా చెప్పేవాడు. ఆ సీమలో పేదవాళ్ళకు ఆ అంకె తమ ఇంటి లెక్కలాగే కంఠస్థం. చేతికి దొరికిన పనల్లా చేస్తూ ఎలియట్ అక్కడే డిగ్రీ, ఆ తర్వాత 1936లో న్యాయశాస్త్రం పూర్తిచేశాడు. సంపన్న కుటుంబాల పిల్లల సంఘాలు విద్యార్థి ఎన్నికలను గుప్పిట్లో పెట్టుకున్న రోజుల్లో, వారి అండ లేకుండానే విద్యార్థి సంఘ అధ్యక్షుడయ్యాడు. తర్వాత వాకర్ కౌంటీలోని జాస్పర్ పట్టణంలో వకీలుగా స్థిరపడ్డాడు. ఆయన దగ్గరికి వచ్చే కక్షిదారుల్లో గని కూలీలు ఎక్కువ. కొంతకాలం సైన్యంలో పనిచేసి, 1948లో డెమొక్రటిక్ పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, అప్పటి సభ్యుణ్ణి ఓడించి వాషింగ్టన్ చేరాడు. ఆ రోజుల్లో అలబామాలో డెమొక్రటిక్ ప్రైమరీయే అసలు ఎన్నిక. అది గెలిస్తే మిగతాది లాంఛనం.

ఎలియట్‌ను దక్షిణాది ఉదారవాది అంటారు. ఆ కాలపు అలబామాలో ఆ మాటకు ఒక ప్రత్యేకమైన అర్థం ఉండేది. పల్లెకు కరెంటు రావాలి, ప్రభుత్వం ఆసుపత్రి కట్టాలి, పేదవాడి పిల్లవాడు చదవాలి, ఓటు పన్ను పోవాలి అని నమ్మే రాజకీయ నాయకుల తరం ఒకటి అక్కడ ఉండేది. సెనేటర్ లిస్టర్ హిల్ వారిలో పెద్ద. ఇంటి ఖర్చు, బడి, ఆసుపత్రి, కరెంటు విషయాల్లో వాళ్ళు దేశంలో ఎవరికీ తీసిపోని ప్రగతివాదులు. జాతి విషయానికి వచ్చేసరికి వాళ్ళ నోళ్ళు మూతపడేవి. ఆ మౌనం సంగతి మళ్ళీ చెబుతాను, చెప్పకుండా దాటవేసే ఉద్దేశం నాకు లేదు.

ఎలియట్ మొదటి పెద్ద విజయం మన వృత్తికి సంబంధించినది. 1956 జూన్ 19న అధ్యక్షుడు ఐజన్‌హోవర్ సంతకం చేసిన గ్రంథాలయ సేవల చట్టం అది. పదివేల జనాభాకు లోపున్న ఊళ్ళలో గ్రంథాలయ సేవల కోసం కేంద్ర ప్రభుత్వం ఏడాదికి 75 లక్షల డాలర్ల చొప్పున ఐదేళ్ళు ఇవ్వవచ్చని ఆ చట్టం చెప్పింది. ప్రతినిధుల సభలో దానికి ప్రధానంగా పాటుపడినవారిలో ఎలియట్ ఒకడు, సెనేట్‌లో లిస్టర్ హిల్. అంతకు ముందు అమెరికా కేంద్ర ప్రభుత్వం ఊరి గ్రంథాలయాలకు ఇలా నేరుగా డబ్బు ఇచ్చింది లేదు. ఆ డబ్బుతో చాలా రాష్ట్రాలు ముందు చేసిన పని పుస్తకాల బస్సులు కొనడం.

మా మిత్రుడికి అప్పుడు పద్నాలుగేళ్ళు. ఆ బస్సు ఆయన ఊరికి రెండు వారాలకు ఒకసారి వచ్చేదట. ఊరు అంటే నాలుగు దారులు కలిసే చోట ఒక కిరాణా కొట్టు, ఒక చర్చి. కొట్టు ముందు బస్సు ఆగగానే డ్రైవరు వెనక తలుపు తెరిచి, ఒక చెక్క మెట్టు తెచ్చి నేల మీద వేసేవాడు. ఆ మెట్టు ఎక్కితే లోపల ఇరువైపులా పుస్తకాల అరలు. బస్సు కుదుపులకు పుస్తకాలు జారిపడకుండా అరలన్నీ కాస్త వెనక్కి వాలి ఉండేవట. ఒక మనిషికి మూడు పుస్తకాలు. పిల్లలు చేతులు కడుక్కుని రావాలి, అందుకోసం కొట్టు యజమాని బయట ఒక బకెట్టు నీళ్ళు పెట్టేవాడు. ఈ చెక్క మెట్టు, ఈ బకెట్టు గురించి ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. ఇది వింటుంటే నాకు 1935లో కృష్ణా కాలువ మీద పాతూరి నాగభూషణం గారు నడిపిన పడవ గ్రంథాలయం గుర్తుకొచ్చేది. పుస్తకం మనిషి దగ్గరికి వెళ్ళాలనే తపన ఎక్కడైనా ఒకలాంటిదే. ఆ పడవ సంగతి చెబితే మా మిత్రుడు ఒక కాగితం మీద ఆ ఊళ్ళ పేర్లు రాసివ్వమని అడిగి తీసుకున్నాడు.

ఒకరోజు మాత్రం ఆయన ఆ బస్సు గురించే వేరే సంగతి చెప్పాడు. ఆ కొట్టుకు అరమైలు దూరంలో గనిలో పనిచేసే నల్లజాతి కుటుంబాల ఇళ్ళు ఉండేవి. వాళ్ళ పిల్లలు ఎప్పుడూ ఆ మెట్టు ఎక్కలేదు. ఎక్కకూడదని అక్కడ బోర్డు లేదు, ఎవరూ పైకి చెప్పలేదు, అయినా అందరికీ తెలుసు. "నేను మూడు పుస్తకాలు చంకన పెట్టుకుని వాళ్ళ ఇళ్ళ ముందు నుంచే ఇంటికి వెళ్ళేవాణ్ణి, నాకు అప్పుడు ఏమీ అనిపించలేదు, అనిపించకపోవడమే ఇప్పుడు బాధపెడుతోంది" అన్నాడు. ఆయన ఆ మాట అన్నాక చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

అలబామాలో గ్రంథాలయం అంటే ఆ కాలంలో ఎంత నిప్పుతో చెలగాటమో చెప్పడానికి రెండు సంగతులు చాలు. 1959లో, తెల్ల కుందేలు నల్ల కుందేలును పెళ్ళాడే బొమ్మల పుస్తకం ఒకటి రాష్ట్ర గ్రంథాలయ శాఖ దగ్గర ఉందని కొందరు శాసనసభ్యులు మండిపడ్డారు. ఆ శాఖ అధిపతి ఎమిలీ రీడ్ ఆ పుస్తకాన్ని పూర్తిగా తీసివేయడానికి ఒప్పుకోలేదు. అందుకు ఆమె ఎన్నో మాటలు పడింది. 1963 సెప్టెంబరు 15న ఆనిస్టన్ పట్టణంలో ఇద్దరు నల్లజాతి పాదరీలు గ్రంథాలయంలోకి అడుగుపెట్టబోతే గుంపు వారిని చావగొట్టింది. అదే రోజు పొద్దున బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ఎలియట్ చట్టం పంపిన డబ్బు చేరింది ఇలాంటి నేలకు. పుస్తకం ఇవ్వడం అక్కడ మామూలు సేవ కాదు.

ఆయన రెండవ పెద్ద పని 1958 నాటి జాతీయ రక్షణ విద్యా చట్టం. ఈ చట్టం గురించి ఎవరు చెప్పినా 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్ అనే తొలి కృత్రిమ ఉపగ్రహాన్ని ఆకాశంలోకి పంపిందని, అమెరికా ఉలిక్కిపడిందని, ఆ భయంలో విద్యకు డబ్బు పోసిందని చెబుతారు. అది నిజమే, కానీ సగం నిజం. ఎలియట్ సభలో అడుగుపెట్టిన నాటి నుంచి పేద విద్యార్థులకు ఉపకార వేతనాల బిల్లులు పెడుతూనే ఉన్నాడు. విద్యా ఉపసంఘానికి అధ్యక్షుడిగా, స్పుత్నిక్ ఎగరక ముందే, అదే ఏడాది దేశంలో పలుచోట్ల విచారణలు జరిపి సాక్ష్యాలు సేకరించాడు. స్పుత్నిక్ ఎగిరే వేళకు ఆయన చేతిలో పని సిద్ధంగా ఉంది. గాలి వీచే వేళకు తూర్పార పట్టడానికి ధాన్యం కళ్ళంలో ఉండాలి కదా. ఆ ధాన్యం ఎనిమిదేళ్ళు కష్టపడి కూడబెట్టినది.

ఆ బిల్లుకు అడ్డంకులు రెండు వైపుల నుంచీ వచ్చాయి. కేంద్రం డబ్బు వస్తే దాని వెనకే కేంద్రం ఆజ్ఞ వస్తుందని, తెల్లపిల్లల బడుల్లో నల్లపిల్లలను కూర్చోబెడతారని దక్షిణాది సభ్యుల భయం. జాతుల వారీగా విడదీసిన బడులకు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదని న్యూయార్క్ సభ్యుడు ఆడమ్ క్లేటన్ పవెల్ పట్టు. ఆయన పట్టు న్యాయమైనదే. కానీ ఆ రెండింటి మధ్య విద్యకు సంబంధించిన బిల్లులు ఏళ్ళ తరబడి నలిగిపోయాయి. ఎలియట్, హిల్ కలిసి ఎంచుకున్న మార్గం డబ్బును బడికి కాక ఎక్కువగా విద్యార్థికే ఇవ్వడం, పైన రక్షణ అనే పేరు పెట్టడం. ఐజన్‌హోవర్ 1958 సెప్టెంబరు 2న సంతకం చేశాడు. మొత్తం మీద సుమారు వంద కోట్ల డాలర్ల పథకం. ఎలియట్ మనసు పెట్టుకున్న ఉపకార వేతనాలను ప్రతినిధుల సభ తీసివేసింది, వాటి స్థానంలో విద్యా రుణాలు మిగిలాయి. వడ్డీ నూటికి మూడు, చదువు ముగిసిన ఏడాది తర్వాత మొదలుపెట్టి పదేళ్ళలో తీర్చాలి. అన్నిటికంటే పెద్ద వెసులుబాటు ఒకటి ఉంది: రుణం తీసుకున్నవాడు ప్రభుత్వ బడిలో ఉపాధ్యాయుడైతే, పనిచేసిన ప్రతి ఏడాదికి అప్పులో పదో వంతు రద్దవుతుంది, అలా ఐదేళ్ళలో సగం.

మా మిత్రుడు 1961లో ఆ రుణంతోనే కళాశాలకు వెళ్ళాడు. వాళ్ళ ఇంట్లో, ఆ చుట్టుపక్కల ఇళ్ళలో కూడా, కళాశాల గడప తొక్కిన మొదటివాడు ఆయనే. నాలుగేళ్ళలో తీసుకున్నది 2,000 డాలర్లు. 1965లో బడిపంతులయ్యాడు. ఐదేళ్ళు గడిచాక వెయ్యి డాలర్లు రద్దయినట్టు కళాశాల నుంచి ఒక కాగితం వచ్చింది. తండ్రికి చదువు రాదు, ఈయనే చదివి వినిపించాడట. తండ్రి ఆ కాగితాన్ని ఇంట్లో బైబిలు మధ్య పెట్టి, మర్నాడు మళ్ళీ తీసి చదవమన్నాడట.

ఈ చట్టానికి మన తెలుగుతో ఉన్న సంబంధాన్ని చాలామంది ఎరగరు. అందులోని ఆరవ అధ్యాయం, అమెరికన్లు అంతగా నేర్చుకోని ప్రపంచ భాషలను బోధించడానికి విశ్వవిద్యాలయాల్లో కేంద్రాలు పెట్టడానికి, ఆ భాషలు నేర్చుకునే విద్యార్థులకు వేతనాలు ఇవ్వడానికి డబ్బు కేటాయించింది. దక్షిణాసియా భాషల కేంద్రాలు ఆ నిధులతో బలపడ్డాయి. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాలపాటు తెలుగు బోధించిన విశ్వవిద్యాలయంలోని దక్షిణాసియా కేంద్రం కూడా ఆ అధ్యాయం కింద నిధులు పొందినదే. తెలుగు మాతృభాష కాని అమెరికన్ విద్యార్థి ఒకడు ప్రభుత్వ వేతనం మీద వత్తులు, గుణింతాలు దిద్దుకున్నాడంటే, ఆ డబ్బు వెనక అలబామా కొండసీమ కౌలు రైతు కొడుకు పట్టిన పట్టు ఉంది. దీన్ని నేను మా మిత్రుడికి చెప్పిన రోజు ఆయన సంతోషం చూడాలి. కుర్చీలోంచి లేచి, గ్రంథాలయంలో ఉన్న తోటి పంతుళ్ళను పిలిచి మరీ చెప్పాడు.

ఇప్పుడు ఆ మౌనం సంగతి. 1954లో అమెరికా సుప్రీంకోర్టు బడుల్లో జాతి విభజన చెల్లదని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును తప్పుపడుతూ 1956 మార్చిలో దక్షిణాది సభ్యులు సుమారు వందమంది ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. కార్ల్ ఎలియట్ కూడా సంతకం చేశాడు. లిస్టర్ హిల్ చేశాడు. అలబామా సభ్యులందరూ చేశారు. 1964 పౌరహక్కుల చట్టానికి కూడా ఎలియట్ అనుకూలంగా ఓటు వేయలేదు. సంతకం చేయకపోతే మర్నాడే పదవి పోతుంది, పదవి పోతే గ్రంథాలయ చట్టం లేదు, విద్యా చట్టం లేదు అనేది వారి తరఫు వాదన. ఆ వాదనలో బలం ఉంది. ఈ సంతకం చేసిన మూడు నెలలకే గ్రంథాలయ చట్టం వచ్చిందన్న సంగతి నేను కొట్టిపారేయలేను.

మా మిత్రుడు ఆ వాదనను ఒప్పుకోలేదు, కాదనా లేదు. ఆయన తన బస్సు మెట్టు గుర్తుచేసేవాడు. ఎలియట్ సంతకం వల్ల తనకు పుస్తకాలు వచ్చాయి, అరమైలు దూరంలో ఉన్న పిల్లలు ఆ సంతకానికి మూల్యం చెల్లించారు, ఆ లెక్క తీర్చే అధికారం నాకు గానీ ఆయనకు గానీ లేదు, ఆ పిల్లలకే ఉంది అనేవాడు. నేను ఎంత ఆలోచించినా దీనికి మించి న్యాయమైన మాట దొరకలేదు. అయితే నాకు తోచిన ఒక విషయం చెబుతాను. మౌనంతో పదవిని కాపాడుకున్న మనుషులు దక్షిణాదిలో చాలామంది ఉన్నారు. వారిలో చాలామంది, పరిస్థితి ఇంకా చెడినప్పుడు, మౌనం దాటి ద్వేషాన్ని నోటితో పలికి మరో పదేళ్ళు పదవిలో కొనసాగారు. ఎలియట్‌కు ఆ రెండో అడుగు పడలేదు. ఆయన జీవితంలో నేను గౌరవించేది ఆ పడని అడుగును.

ఆయన తన పదవిని పణంగా పెట్టడం 1961లో మొదలైంది. ప్రతినిధుల సభలో పెద్ద బిల్లు ఏదైనా సాధారణంగా నిబంధనల సంఘం దాటితేనే చర్చకు వస్తుంది. దాని అధ్యక్షుడు వర్జీనియాకు చెందిన హోవర్డ్ స్మిత్, తనకు నచ్చని బిల్లును బీరువాలో పెట్టి తాళం వేయగల ఉద్దండుడు. పన్నెండుమంది సభ్యుల్లో ఇద్దరు దక్షిణాది డెమొక్రాట్లు నలుగురు రిపబ్లికన్లతో కలిస్తే ఆరుకు ఆరు, బిల్లు అక్కడే ఆగిపోతుంది. కొత్త అధ్యక్షుడు కెనడీ బిల్లులకు దారి ఇవ్వాలని స్పీకర్ సామ్ రేబర్న్ ఆ సంఘాన్ని పదిహేనుమందికి పెంచే తీర్మానం తెచ్చాడు. జనవరి 31న అది 217కు 212 ఓట్లతో, అంటే ఐదు ఓట్ల తేడాతో నెగ్గింది. కొత్తగా వేసిన ఇద్దరు డెమొక్రాట్లలో ఒకడు ఎలియట్. దక్షిణాది పెద్దలకు కోపం తెప్పించే ఆ స్థానాన్ని ఆయన తెలిసి తెలిసి స్వీకరించాడు. అలబామాలో ఆయనను ఇక కెనడీ మనిషి అనసాగారు. ఆ రోజుల్లో అక్కడ అది తిట్టు.

1963 జనవరిలో జార్జ్ వాలెస్ గవర్నరయ్యాడు. జాతి విభజన ఇప్పుడూ, రేపూ, ఎప్పటికీ అని ప్రమాణ స్వీకారం నాడే ప్రకటించాడు. జూన్ 11న, ఎలియట్ 2 డాలర్ల 38 సెంట్లతో అడుగుపెట్టిన ఆ విశ్వవిద్యాలయంలోనే, ఇద్దరు నల్లజాతి విద్యార్థులను లోపలికి రానివ్వనని తలుపు దగ్గర నిలబడ్డాడు. వాలెస్ కూడా ఒకనాడు పేదల పక్షాన మాట్లాడినవాడే. ఓట్లు ఎక్కడ పండుతాయో చూసుకుని దారి మార్చుకున్నాడు. ఎలియట్ ముందు కూడా ఆ దారి తెరిచే ఉంది.

ఎలియట్‌ను ఓడించిన తీరు వింతైనది, కాస్త ఓపికగా వినాలి. 1960 జనాభా లెక్కల తర్వాత అలబామాకు తొమ్మిది స్థానాల్లో ఒకటి పోయి ఎనిమిది మిగిలాయి. నియోజకవర్గాల హద్దులు కొత్తగా గీయడానికి శాసనసభ సభ్యులు ఒప్పందానికి రాలేకపోయారు. అప్పుడు ఒక పద్ధతి పెట్టారు: తొమ్మిది నియోజకవర్గాల్లో తొమ్మిదిమంది గెలుస్తారు, తర్వాత ఆ తొమ్మిదిమందీ రాష్ట్రమంతటా పోటీ పడతారు, ప్రతి ఓటరు ఎనిమిది పేర్లకు ఓటు వేస్తాడు, అందరికంటే తక్కువ వచ్చినవాడు ఇంటికి పోతాడు. అంటే సొంత మనుషులు ఎంత అభిమానించినా లాభం లేదు, ఆయనను ఎన్నడూ చూడని దక్షిణ అలబామా జిల్లాల వాళ్ళు ఆయన రాత రాస్తారు. 1962లో వేరొకరు ఓడారు. 1964లో ఎలియట్ ఓడాడు. ఆ వేసవిలో ఒక పెట్రోలు బంకులో గల్లాపెట్టె పక్కన నమూనా ఓటు పత్రాల కట్ట చూశానని మా మిత్రుడు చెప్పేవాడు. తొమ్మిది పేర్లు ఉండాల్సిన చోట ఎనిమిదే ఉన్నాయి. ఏ పేరు లేదో చదవకముందే తెలిసిపోయింది. ఒకటి మడిచి జేబులో పెట్టుకున్నాడు, బంకువాడు చూసి కూడా ఏమీ అనలేదు.

రెండేళ్ళకు ఆయన గవర్నరు పదవికి నిలబడ్డాడు. వరుసగా రెండోసారి గవర్నరు కావడానికి అప్పటి రాష్ట్ర రాజ్యాంగం ఒప్పుకునేది కాదు కనుక వాలెస్ తన భార్య లర్లీన్‌ను నిలబెట్టాడు. డెమొక్రటిక్ ప్రైమరీలో పదిమంది పోటీదారులు. 1965 ఓటు హక్కు చట్టంతో నల్లజాతి ఓటర్ల సంఖ్య దాదాపు రెట్టింపయిన తొలి పెద్ద ఎన్నిక అది. ఈసారి ఎలియట్ తెల్లవారిని, నల్లవారిని ఒకే మాటతో, బహిరంగంగా అడిగాడు: బడులు, ఉద్యోగాలు, అందరికీ. అప్పటికి కాలం మించిపోయింది. నల్లజాతి నాయకత్వం ఎక్కువగా అటార్నీ జనరల్ రిచ్‌మండ్ ఫ్లవర్స్ వైపు వెళ్ళింది, వారికి అలా వెళ్ళే కారణాలూ హక్కూ ఉన్నాయి. పదేళ్ళ కిందటి సంతకం ఎవరూ మర్చిపోలేదు. తెల్లవారిలో అత్యధికులు వాలెస్ పక్షాన ఉన్నారు. ఎలియట్ ఎటూ కాకుండా మధ్యలో నిలిచాడు.

కొత్తగా పంతులైన మా మిత్రుడు ఆ ప్రచారంలో గోడ పత్రాలు అంటించాడు. చీకటి పడ్డాక మైదాపిండి జిగురు డబ్బా, కుంచె పట్టుకుని ఇద్దరు స్నేహితులతో వెళ్ళేవాడు. తెల్లవారేసరికి చింపేసి ఉండేవి. మళ్ళీ అంటించేవారు. ఒక చోట కరెంటు స్తంభం మీద జిగురు పొరలు వేలు మందాన పేరుకున్నాయట. ఒక ఊరి సభలో ముసుగులు లేకుండానే కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా మనుషులు వెనక వరసలో చేతులు కట్టుకుని నిలబడితే, ముందు కూర్చున్న వాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోవడం చూశానని చెప్పాడు. ఫలితాల్లో లర్లీన్ వాలెస్‌కు సుమారు 4 లక్షల 80 వేల ఓట్లు, ఎలియట్‌కు 72 వేలు. ఆయన మూడో స్థానంలో నిలిచాడు. తర్వాత ఏ పదవికీ ఎన్నిక కాలేదు.

ఆ ప్రచారం కోసం ఎలియట్ తన పార్లమెంటు పెన్షన్ నిధిని ముందుగానే తీసి ఖర్చుపెట్టాడు. దాని అర్థం ముసలితనంలో తెలిసింది. అధ్యక్షుడు జాన్సన్ వేసిన జాతీయ గ్రంథాలయ సలహా సంఘంలో కొంతకాలం సభ్యుడిగా పనిచేశాడు. ఆ సంఘం సిఫార్సు ఫలితంగానే 1970లో గ్రంథాలయాలకు శాశ్వత జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. తర్వాత జాస్పర్‌కు తిరిగివచ్చాడు. అప్పులు, అంతంతమాత్రపు వకీలు పని, మధుమేహం. 1985లో భార్య జేన్ చనిపోయింది. ఆయన చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. ఆ స్థితిలో కూడా తన కొండసీమ స్థానిక చరిత్రను సంపుటాలుగా రాసి అచ్చువేశాడు. దేశంలో లక్షలమందిని కళాశాలకు పంపిన మనిషి ఇంటి ముందు నుంచి వెళ్ళే కుర్రాళ్ళకు ఆయన ఎవరో తెలియని రోజులు వచ్చాయి.

1989లో బోస్టన్‌లోని కెనడీ గ్రంథాలయం, పదవిని పణంగా పెట్టి నిలబడిన రాజకీయ నాయకులకు ఇచ్చే ధైర్య పురస్కారాన్ని ప్రారంభించింది. మొదటి పురస్కారం 1990లో కార్ల్ ఎలియట్‌కు ఇచ్చారు. కెనడీ పిల్లలు కరోలిన్, జాన్ అందజేశారు. 25,000 డాలర్లు. ఆ వార్త పేపర్లో చదివిన రోజు మా మిత్రుడు తరగతిలో పాఠం ఆపేసి, పిల్లలకు మొదటి నుంచి చివరి దాకా ఆ కథ చెప్పాడట. ఆ తరగతిలో నల్లపిల్లలు, తెల్లపిల్లలు పక్కపక్కనే కూర్చున్నారు. వాళ్ళలో ఒక అమ్మాయి, ఆ సంతకం సంగతి విని, మరి అదెందుకు చేశాడు అని అడిగిందట. తెలియదమ్మా అని చెప్పాను, అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు అన్నాడు.

ఎలియట్ 1999 జనవరి 9న జాస్పర్‌లో కన్నుమూశాడు. అక్కడి ప్రాంతీయ గ్రంథాలయానికి ఆయన పేరే ఉంది.

మా మిత్రుడు పోయిన తర్వాత ఆయన కూతురు నాకు ఒక కవరు ఇచ్చింది. అందులో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఎనిమిది పేర్లున్న ఆ నమూనా ఓటు పత్రం. రెండోది వెయ్యి డాలర్ల అప్పు రద్దయినట్టు 1970లో వచ్చిన ఉత్తరం, బైబిలు మధ్య ఏళ్ళ తరబడి ఉన్నందువల్ల మడతల దగ్గర పసుపు రంగుకు తిరిగింది. రెండింటికీ నకళ్ళు తీయించి తెచ్చాను, తలుపు పక్కన బల్ల మీద గాజు పలక కింద ఉన్నాయి. వెళ్ళేటప్పుడు చూడండి. సెలవు.